స్వీయమోహం, పలుచని బంధాలు: పాశ్చాత్య భావన, మేడారం సందర్భం

పదం, నిర్వచనం

తన రూపం, తన గొప్ప, తన గురించి నలుగురూ ఏమనుకుంటున్నారన్న ధ్యాస మితిమీరి, ఎదుటివారి మనసు పట్టని స్థితికి మనిషి చేరితే దాన్ని మనస్తత్వశాస్త్రం నార్సిసిజం అంటుంది. తెలుగులో స్వీయమోహం, స్వానురాగం, ఆత్మరతి అని మూడు మాటలు కనిపిస్తాయి. ఈ వ్యాసంలో మొదటిదే వాడుతున్నాం. ఆత్మరతి అనే మాటతో ఒక చిక్కుంది. భగవద్గీత మూడో అధ్యాయం 17వ శ్లోకంలో ఆ మాట ఆత్మలోనే తృప్తి పొంది బయట ఇక దేనితోనూ పని లేనివాడి గురించి వస్తుంది. స్వీయమోహి సంగతి పూర్తిగా వేరు. బయటి మెప్పు లేనిదే అతనికి పూట గడవదు. రెండింటికీ ఒకే పేరు పెడితే వేదాంతికీ వైద్యుడికీ మాట కుదరదు.

వాడుక భాషలో సొంత డబ్బా, బడాయి, ఫోజు కొట్టుడు వంటి మాటలున్నాయి. ఇవి ప్రవర్తనను ఎత్తిపొడిచే మాటలు, జబ్బు పేర్లు కావు. వైద్యులు కూడా స్వీయమోహాన్ని రెండు స్థాయుల్లో చూస్తారు. ఒకటి అందరిలోనూ ఎంతోకొంత ఉండే గుణం. రెండోది జీవితాన్ని, చుట్టూ ఉన్నవారిని దెబ్బతీసే వ్యక్తిత్వ రుగ్మత.

పలుచని బంధం అంటే పరిచయం ఉండి పూచీ లేని సంబంధం. ముఖపరిచయం, ముఖప్రీతి మాటలు, పైపై పలకరింపులు దీని కిందికి వస్తాయి. ప్రతి పలుచని బంధమూ చెడ్డదని అనుకోకూడదు. పరిచయస్తుల ద్వారానే కొత్త కబురు, కొత్త ఉద్యోగం దొరుకుతాయని సమాజశాస్త్రవేత్త మార్క్ గ్రానోవెటర్ 1973లో వాదించాడు. పరిచయాలు తప్ప ఇంకేమీ మిగలనప్పుడే చిక్కు.

కథ నుంచి వైద్యగ్రంథానికి

మాటకు మూలం గ్రీకు పురాణగాథ. దాన్ని మనకు అందించినవాటిలో ప్రసిద్ధమైనది క్రీ.శ. 8 ప్రాంతంలో రోమన్ కవి ఓవిడ్ రాసిన ‘మెటమార్ఫోసెస్’ మూడో భాగం. నార్సిసస్ అందగాడు, ఎవరి ప్రేమనూ లెక్కచెయ్యడు. దప్పికతో కొలను దగ్గర బోర్లా పడుకుని నీళ్లలో తన నీడను చూసి, అది ఇంకెవరో అనుకుని మోహపడతాడు. అందుకోబోతే నీడ చెదిరిపోతుంది, వదిలి పోదామంటే మనసొప్పదు. అక్కడే కృశించి పోతాడు. అతను పడి ఉన్నచోట పువ్వు మొలుస్తుంది. ఉర్దూ కవులు కంటితో పోల్చే నర్గిస్ ఈ జాతి పువ్వే. కథలో ఇంకో పాత్ర ఎకో. ఎదుటివారి చివరి మాటను తిరిగి పలకడం తప్ప సొంతంగా మాట్లాడలేని వనకన్య ఆమె. నార్సిసస్‌ను ప్రేమించి, తిరస్కారానికి గురై, గొంతు మాత్రమే మిగులుతుంది. స్వీయమోహి చుట్టూ చేరేవారి గతి ఈ పాత్రలో ఉంది. అయినా సిద్ధాంతకర్తలు చాలాకాలం ఆమెను పట్టించుకోలేదు.

ఈ కథను వైద్యంలోకి తెచ్చినవారు 1898లో హావెలాక్ ఎల్లిస్, 1899లో పాల్ నేకె. 1914లో సిగ్మండ్ ఫ్రాయిడ్ దీనిపై ప్రత్యేక వ్యాసం రాశాడు. పసితనంలో ప్రతివారూ తమ మీదే మమకారంతో ఉంటారని, తరవాత అది ఇతరుల వైపు మళ్లుతుందని, కొందరిలో తిరిగి వెనక్కి వస్తుందని అతని వివరణ. 1970ల్లో అమెరికాలో రెండు దారులు ఏర్పడ్డాయి. పసివాడి గొప్పను తల్లిదండ్రులు అద్దంలా చూపించకపోవడం వల్ల కలిగిన లోటుగా హైంజ్ కోహుట్ దీన్ని చూశాడు. లోపలి కోపం, అసూయల మీద కట్టుకున్న కోటగా ఆటో కెర్న్‌బెర్గ్ చూశాడు. ఈ తగువు ఇప్పటికీ తేలలేదు.

1980లో అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ తన రోగనిర్ధారణ గ్రంథం మూడో ముద్రణలో స్వీయమోహ వ్యక్తిత్వ రుగ్మతను చేర్చింది. 2013 నాటి అయిదో ముద్రణ తొమ్మిది లక్షణాలు చెప్పి, కనీసం అయిదు ఉండాలంది. తన ప్రత్యేకత మీద అతినమ్మకం, ఎడతెగని మెప్పు కోరిక, ఇతరులను వాడుకోవడం, ఎదుటివారి బాధ తెలియకపోవడం వాటిలో ముఖ్యమైనవి. ప్రపంచ ఆరోగ్య సంస్థ మాత్రం 2022లో అమల్లోకి వచ్చిన తన 11వ వ్యాధుల వర్గీకరణలో ఈ పేరుతో ప్రత్యేక రుగ్మతను ఉంచలేదు. వ్యక్తిత్వ రుగ్మత తీవ్రత ఎంత అన్నదానికే అక్కడ ప్రాధాన్యం.

రకాలు

పరిశోధకులు ప్రధానంగా రెండు చెబుతారు. బాహాటంగా గొప్పలు పోయేది ఒకటి. లోలోపల కుంగుతూ, ఎవరైనా చిన్నమాట అంటే నెలల తరబడి నొచ్చుకుంటూ, తనను లోకం గుర్తించలేదని బాధపడేది ఇంకొకటి. రెండోదాన్ని జనం సిగ్గుగానో వినయంగానో పొరబడతారు. సభలో కుర్చీ కోసం తగువు పెట్టుకునేవాడు మొదటి రకం. కుర్చీ ఇవ్వలేదని మౌనంగా లేచి వెళ్లి, ఆ సంగతి ఇరవయ్యేళ్లు మరవనివాడు రెండో రకానికి చేరువ.

పనిచేసే తీరు

స్వీయమోహికి తన గొప్ప మీద నమ్మకం ఉన్నట్టే కనిపిస్తుంది. కానీ ఆ నమ్మకం నిలవడానికి బయటినుంచి సరఫరా ఆగకూడదు. పొగడ్త వచ్చినంతసేపు పొగిడినవారు గొప్పవారు. విమర్శ రాగానే వారే పనికిమాలినవారు. అందుకే అతని బంధాలు ఆరంభంలో వెలిగి, తరవాత ఆరిపోతాయి. కెనడా మనస్తత్వవేత్త డెల్రాయ్ పాలస్ 1998లో ప్రచురించిన పరిశోధనలో విద్యార్థులను చిన్న బృందాలుగా ఏడు వారాలు కలిపి కూర్చోబెట్టాడు. స్వీయమోహం ఎక్కువున్నవారు తొలి సమావేశంలో అందరికీ నచ్చారు. ఏడోసారికి మోజు తీరిపోయింది.

తెలుగు పాఠకుడికి దీన్ని గిరీశం పేరు చెప్పి ఒక్క మాటలో వివరించవచ్చు. గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కం’ 1892లో విజయనగరంలో ప్రదర్శితమై 1897లో అచ్చయింది, పెంచి తిరగరాసిన రూపం 1909లో వచ్చింది. అన్నం పెట్టిన పూటకూళ్లమ్మను, చేరదీసిన మధురవాణిని వదిలి, అప్పులవాళ్ల కంట పడకుండా శిష్యుడు వెంకటేశంతో కృష్ణరాయపురం అగ్రహారం చేరతాడు గిరీశం. అక్కడ వెంకటేశం అక్క బుచ్చమ్మకు అతను కొత్తమనిషి. ఏడో సమావేశం దాకా ఒకచోట ఉండకపోవడమే అతని నేర్పు. కొత్త శ్రోత దొరికినంతకాలం అతని ఇంగ్లిషు, ఉపన్యాసాలు, సంస్కరణ కబుర్లు చెల్లుతాయి. నూరేళ్లు దాటినా పాఠకులు అతన్ని ముద్దు చేస్తూనే ఉన్నారు. స్వీయమోహికి ఆకర్షణ ఉంటుందన్న పరిశోధనకు ఇంతకంటే రుజువు అక్కర్లేదేమో.

ఆత్మస్తుతికి ఇంతకంటే పాత ఉదాహరణ మహాభారతం కర్ణపర్వంలో ఉంది. తెలుగులో అది తిక్కన రచన. కర్ణుడి చేతిలో దెబ్బతిని శిబిరానికి వచ్చిన ధర్మరాజు, గాండీవం ఇంకెవరికైనా ఇవ్వమని అర్జునుణ్ని తూలనాడతాడు. ఆ మాటన్నవాణ్ని చంపుతానని అర్జునుడికి ప్రతిజ్ఞ. పెద్దవాణ్ని నువ్వని ఏకవచనంలో నిందిస్తే చంపినట్టేనని కృష్ణుడు దారి చూపిస్తాడు. నిందించాక పశ్చాత్తాపంతో అర్జునుడు తన ప్రాణం తీసుకోబోతే, నిన్ను నువ్వే పొగుడుకో, అదే ఆత్మహత్యతో సమానం అంటాడు కృష్ణుడు. ఆత్మస్తుతి తప్పని చెప్పిన గ్రంథాలు చాలా ఉన్నాయి. దాన్ని చావుతో లెక్కకట్టి, శిక్షగా వేసిన కథ అరుదు. (చూ. ఆత్మస్తుతి, పరనింద)

పాశ్చాత్య సమాజంలో: ఆరోపణ, వివాదం

రుగ్మత పేరు సమాజానికి తగిలించడం 1970ల్లో మొదలైంది. 1976లో అమెరికన్ రచయిత టామ్ వుల్ఫ్ ఆ కాలాన్ని ‘నేను’ దశాబ్దం అన్నాడు. 1979లో చరిత్రకారుడు క్రిస్టఫర్ లాష్ తన కాలపు అమెరికా సంస్కృతినే స్వీయమోహ సంస్కృతిగా వర్ణిస్తూ పుస్తకం రాశాడు. కుటుంబం, ఊరు, పనిచోటు ఇచ్చే స్థిరత్వం పోయి, మనిషి నిపుణుల సలహాల మీద, ఇతరుల చూపు మీద ఆధారపడుతున్నాడని అతని వాదం. లాష్ చెప్పిన స్వీయమోహి గర్విష్ఠి కాడు, బెంగటిల్లినవాడు. ఈ తేడా తరవాతి చర్చల్లో చాలామటుకు మరుగునపడింది.

అదే 1979లో రాస్కిన్, హాల్ అనే పరిశోధకులు స్వీయమోహాన్ని కొలిచే ప్రశ్నావళి తయారుచేశారు. తరవాత అది 40 ప్రశ్నల రూపంలో స్థిరపడింది. దాని ఆధారంగా, అమెరికా కళాశాల విద్యార్థుల్లో స్వీయమోహం తరం తరానికీ పెరుగుతోందని జీన్ ట్వెంగి బృందం 2008లో చెప్పింది. కీత్ క్యాంప్‌బెల్‌తో కలిసి 2009లో ఆమె రాసిన పుస్తకం దీన్ని అంటువ్యాధితో పోల్చింది. అదే సమయంలో ట్రెస్నీవ్‌స్కీ, డొనెలన్, రాబిన్స్ వేరే సమాచారంతో చూసి పెరుగుదల లేదన్నారు. 2017లో యూనికె వెట్జెల్ బృందం 1990ల నుంచి 2010ల మధ్య కొద్దిగా తగ్గిందనే చెప్పింది. కుర్రకారుకు పొగరెక్కిందన్న ఫిర్యాదు ప్రతి తరంలోనూ ఉన్నదే కనుక, అంకెలు వచ్చాక కూడా తీర్పు తొందరపడి చెప్పడానికి లేదు.

సంస్కృతి ప్రభావం మీద ఒక అరుదైన సహజ ప్రయోగం జర్మనీలో దొరికింది. బెర్లిన్ గోడ కూలక ముందు పశ్చిమ జర్మనీలో పెరిగినవారిలో బాహాటపు స్వీయమోహం తూర్పువారికంటే ఎక్కువగా ఉందని, ఏకీకరణ తరవాత బడికి వెళ్లిన తరంలో ఆ తేడా కనిపించలేదని 2018లో ఒక పరిశోధన తెలిపింది. భాష ఒకటే, జాతి ఒకటే. మారింది వ్యవస్థ.

బంధాల సంగతికి వస్తే, రాబర్ట్ పుట్నం 2000లో వెలువరించిన ‘బౌలింగ్ అలోన్’ అమెరికాలో సంఘాలు, క్లబ్బులు, ఇరుగుపొరుగు రాకపోకలు తగ్గిన తీరును లెక్కలతో చూపింది. పోలండ్‌లో పుట్టి బ్రిటన్‌లో స్థిరపడిన జిగ్మంట్ బౌమన్ 2003లో ఈ కాలపు ప్రేమను ద్రవంతో పోల్చాడు. ఏ పాత్రలో పోస్తే ఆ రూపం, ఎప్పుడైనా ఒలకబోసుకోవచ్చు. షెరీ టర్కిల్ 2011లో ఫోన్ల వల్ల కలిసి ఉంటూనే ఒంటరిగా ఉండే స్థితిని వర్ణించింది. ప్రభుత్వాలు కూడా కదిలాయి. 2018లో బ్రిటన్ ఒంటరితనానికి ఒక మంత్రిని నియమించింది. 2023 మే నెలలో అమెరికా సర్జన్ జనరల్ దీని మీద హెచ్చరిక పత్రం వెలువరించాడు. అదే ఏడాది నవంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ సామాజిక బంధాలపై కమిషన్ వేసింది.

స్వీయమోహమూ ఒంటరితనమూ ఒకటి కావు. ఒంటరివారిలో ఎక్కువమంది స్వీయమోహులు కారు. రెండింటినీ కలిపి పాశ్చాత్య నాగరికత పతనంగా చెప్పడం మన పత్రికల్లో అలవాటైంది. కానీ సెల్ఫీ తీసుకుంటూ పోయిన ప్రాణాల లెక్క చూస్తే ఆ అలవాటు కాస్త తగ్గాలి. 2011 అక్టోబరు నుంచి 2017 నవంబరు వరకు ప్రపంచ వార్తల్లో దొరికిన 259 మరణాలను లెక్కించి భారతీయ వైద్యులు 2018లో ప్రచురించిన పరిశీలనలో మొదటి స్థానం భారత్‌దే.

తెలుగు నేలమీద ‘నేను’

మనిషి తనను తాను ఎలా ఊహించుకుంటాడన్నది సమాజాన్ని బట్టి మారుతుందని హేజెల్ మార్కస్, షినోబు కిటయామా 1991లో ప్రతిపాదించారు. పశ్చిమంలో ‘నేను’ విడిగా నిలబడేది, ఆసియాలో చాలాచోట్ల ఇతరులతో ముడిపడినది. మనోవిశ్లేషకుడు అలన్ రోలాండ్ 1988లో భారతీయుల్లో కుటుంబంతో కలగలిసిన ‘మేము’ను గుర్తించాడు. తెలుగువారికి ఇది పుస్తకం చదివితే గానీ తెలియని సంగతేమీ కాదు. కొత్తవాణ్ని చూస్తే ‘మీదే ఊరు, ఎవరి తాలూకు’ అని ఇక్కడ అడుగుతారు. ఏం చేస్తుంటారన్నది తరవాతి ప్రశ్న.

అంతమాత్రాన తెలుగు సమాజానికి ఈ గుణం అంటలేదని చెప్పలేం. కూడలిలో పుట్టినరోజు ఫ్లెక్సీ, అందులో ఎవరి బొమ్మ ఎంత పెద్దదన్న తగువు, పెళ్లికి ముందు సినిమా ఫక్కీలో తీయించుకునే వీడియోలు, అభిమాన నటుడి కటౌటుకు పాలాభిషేకం, ఇవన్నీ ప్రదర్శనలే. అయితే ఇక్కడి ప్రదర్శన తరచూ కుటుంబం పేరు మీదో, కులం పేరు మీదో, నాయకుడి పేరు మీదో జరుగుతుంది. ఫ్లెక్సీలో ఒంటరి బొమ్మ కనిపించడం అరుదు. పైన నాయకులు, కింద తపాలా బిళ్లలంత అనుచరులు ఉంటారు. దీన్ని సామూహిక స్వీయమోహం అనవచ్చా అన్న ప్రశ్న ఉంది. తన వర్గం గొప్పను లోకం గుర్తించడంలేదన్న ఉక్రోషాన్ని ఆ పేరుతోనే కొందరు పరిశోధకులు కొలుస్తున్నారు.

మేడారం: గద్దెలు, తక్కెడ, తిరిగే బంధాలు

మేడారం తెలంగాణలో ములుగు జిల్లా తాడ్వాయి మండలంలోని చిన్న కోయ గ్రామం. 2016కు ముందు వరంగల్ జిల్లాలో, తరవాత 2019 ఫిబ్రవరి వరకు జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో ఉండేది. రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమి వేళ నాలుగు రోజులు సమ్మక్క సారలమ్మ జాతర జరుగుతుంది. 1996లో రాష్ట్ర పండుగ హోదా వచ్చింది. 2024లో ఫిబ్రవరి 21 నుంచి 24 వరకు జరిగిన జాతరకు కోటి మందికి పైగా వచ్చారని ప్రభుత్వ అంచనా. తెలంగాణ పల్లెలతో పాటు ఛత్తీస్‌గఢ్, మహారాష్ట్ర, ఒడిశా నుంచి కూడా జనం వస్తారు.

ప్రచారంలో ఉన్న కథ ప్రకారం, అడవిలో పులుల మధ్య ఆడుకుంటూ కోయ దొరలకు దొరికిన పాప సమ్మక్క. పగిడిద్దరాజును పెళ్లాడింది. కరవు కాలంలో పన్ను కట్టలేదని కాకతీయ ప్రతాపరుద్రుడి సేన దండెత్తితే భర్త, కూతురు సారలమ్మ, అల్లుడు గోవిందరాజు యుద్ధంలో పోయారు. కొడుకు జంపన్న సంపెంగ వాగులో దూకాడు. దాన్నే నేడు జంపన్న వాగు అంటున్నారు. సమ్మక్క చిలకలగుట్ట వైపు వెళ్లి కనిపించకుండా పోయింది. వెతికినవారికి చెట్టు కింద పుట్ట దగ్గర కుంకుమ భరిణ దొరికింది. డోలీ కళాకారులు పడిగె బట్టమీది బొమ్మలు చూపిస్తూ చెప్పే కోయ కథనాలు దీనికి కొంత భిన్నంగా సాగుతాయి. (చూ. పడిగె, కోయ మౌఖిక సాహిత్యం)

ఈ వ్యాసంలో మేడారం ప్రస్తావన రావడానికి మొదటి కారణం దేవతల వేదికలైన గద్దెలు. వాటిమీద విగ్రహం లేదు. వెదురు కర్రలు, కుంకుమ భరిణ, జనం సమర్పించిన బెల్లం, పసుపు కుంకుమలు, అంతే. కొలిచేవాడు చూసి పోల్చుకోడానికి ముఖమే లేని దేవత. రెండో రోజు పూజారులు గుట్టమీదికి వెళ్లి సమ్మక్కను తెస్తారు. అక్కడికి ఇతరులకు ప్రవేశం లేదు. పోలీసులు గాలిలోకి తుపాకి పేల్చి స్వాగతం చెబుతారు. జనం కోళ్లను ఎగరేసి ఎదురుకోళ్లు ఇస్తారు. ఒక పూజారి బరువు తెలియనివాడిలా వడివడిగా నడుస్తూ పోతాడు, చుట్టూ తాళ్లు పట్టిన వలయం. దారిపక్క గంటల తరబడి నిలబడ్డవారికి కనబడేది లిప్తపాటు. ఆ లిప్తకోసమే వచ్చారు.

రెండో కారణం మొక్కు. ఇక్కడ బెల్లాన్ని బంగారం అంటారు, నిలువెత్తు బంగారం అంటే మనిషి తూకానికి సరిపడా బెల్లం. ఒక పళ్లెంలో మనిషి, ఇంకో పళ్లెంలో బెల్లం ముద్దలు. జబ్బుపడి లేచిన పిల్లవాణ్ని కూర్చోబెడితే వాడు గొలుసు పట్టుకుని బిక్కమొహం వేస్తాడు. మేనమామో తాతో ముద్ద ముద్ద పెడుతుంటారు. పళ్లెం కదలగానే తల్లి చేతులు చాస్తుంది. ముల్లు మధ్యకు వచ్చినా ఒక ముద్ద అదనంగా వేయడం పరిపాటి, దేవతకు తక్కువ తూచామన్న మాట రాకూడదు. తన శరీరం మీద మనిషి దృష్టి ఇంతగా నిలిచే సందర్భం ఇంకోటి ఉండదు. అయితే తూచింది దాచుకోడానికి కాదు, తూకం తెలియగానే ఇచ్చెయ్యాలి. అద్దానికీ తక్కెడకూ ఉన్న తేడా ఇదే. అద్దం చూసినవాడికి ఏమీ ఖర్చుండదు. ఈ బెల్లానికి ఒక లౌకికమైన చిక్కు కూడా ఉంది. గుడుంబా కాయడానికి మళ్లకుండా, 2024 జాతర ముందు బెల్లం కొనేవారి ఆధార్, ఫోన్ నంబరు రాసుకోవాలని ఎక్సైజ్ శాఖ వ్యాపారులకు చెప్పింది.

మూడోది సారలమ్మ ఉండే కన్నెపల్లి గ్రామంలో కనిపిస్తుంది. తొలిరోజు సాయంత్రం సారలమ్మను మేడారానికి తీసుకుపోయే వేళ, సంతానం కోసమో జబ్బు నయం కావాలనో మొక్కుకున్నవారు తడిబట్టలతో గుడి ముందు నేలమీద వరసగా బోర్లా పడుకుంటారు. దీన్ని వరం పట్టడం అంటారు. పూజారులు వారి మీదుగా నడిచి పోతారు. నార్సిసస్ కూడా బోర్లానే పడుకున్నాడు, నీళ్లలో తన ముఖం కోసం. ఇక్కడివారి ముఖం మట్టిలో ఉంటుంది. పక్కన పడుకున్నది ఏ కులమో, ఏ ఊరో అడిగే వ్యవధి కూడా ఉండదు.

నాలుగోది, అన్నిటికంటే విస్తారమైనది బంధుత్వం. ఈ జాతరే ఒక కుటుంబం తిరిగి కలుసుకునే సందర్భం. సారలమ్మను కన్నెపల్లి నుంచి కాక వంశం, పగిడిద్దరాజును మహబూబాబాద్ జిల్లా పూనుగొండ్ల నుంచి పెనక వంశం, గోవిందరాజును ఏటూరునాగారం దగ్గరి కొండాయి నుంచి దబ్బగట్ల వంశం తీసుకొస్తాయి. సమ్మక్క పూజారుల్లో సిద్ధబోయినవారు ప్రధానులు. పగిడిద్దరాజు ప్రయాణం అడవిదారిన, కాలినడకన. భార్య ఒక ఊరు, భర్త ఇంకో ఊరు, కూతురు వేరే ఊరు, అల్లుడు మరో ఊరు. రెండేళ్లకోసారి నలుగురూ ఒకచోట చేరతారు. కోయల గొట్టు వ్యవస్థలో ఒకే గొట్టువారు అన్నదమ్ముల లెక్క, వారి మధ్య పెళ్లి కుదరదు. కాబట్టి ప్రతి ఇల్లూ ఇంకో గొట్టుతో వియ్యమందక తప్పదు. వేల్పుల రాకపోకల వెనక ఈ అల్లిక ఉంది. (చూ. గొట్టు, వేల్పు)

కోయేతరుల దగ్గరికి వచ్చేసరికి బంధుత్వం ఇంకో రూపం తీసుకుంటుంది. ఆడవాళ్లు సమ్మక్కకు చీర, సారె, ఒడిబియ్యం పెడతారు. పుట్టింటివారు ఆడబిడ్డకు పెట్టేది ఒడిబియ్యం. అంటే దేవత తల్లీ అవుతుంది, ఇంటి ఆడపడుచూ అవుతుంది. ఉత్తర తెలంగాణలో చాలామంది బయల్దేరే ముందు ఇంటి దగ్గరే సమ్మక్కను చేసుకుంటారు, చుట్టాలను పిలుస్తారు, బంగారం జోకి పంచుతారు. ఆ ఏడాది పుట్టిన పిల్లలకు సమ్మయ్య, సమ్మక్క, సారయ్య, సారక్క పేర్లు పెట్టడం మొన్నమొన్నటి దాకా మామూలే. తన పేరు తనదొక్కడిదే కావాలన్న కోరిక ఈమధ్య వచ్చింది. ఒకే ఊళ్లో ముగ్గురు సమ్మయ్యలు ఉన్నా ఒకప్పుడు ఎవరికీ ఇబ్బంది తోచలేదు.

ఎడ్లబండ్ల కాలం పోయి ట్రాక్టర్లు, ఆర్టీసీ ప్రత్యేక బస్సులు వచ్చినా, చెట్ల కింద టార్పాలిన్ కట్టి రెండు మూడు రాత్రులు గడపడం మారలేదు. జంపన్న వాగులో స్నానం, మూడు రాళ్ల పొయ్యి, కోడి కూర. పక్క గుడారం వాళ్లు ఉప్పు అడుగుతారు, మధ్యాహ్నానికి వాళ్ల గిన్నెలోంచి కూర వస్తుంది. పేర్లు అడిగినా గుర్తుండవు. ఇది పలుచని బంధమా, చిక్కటిదా అన్నదానికి సిద్ధాంతం సూటిగా జవాబు చెప్పదు. ఎమిల్ డర్క్‌హైం 1912లో సామూహిక ఉద్వేగం అన్నదీ, విక్టర్ టర్నర్ 1969లో కమ్యూనిటాస్ అన్నదీ ఇలాంటి స్థితికే. రెండూ కాసేపటి తరవాత కరిగిపోయేవే. ప్రయాగలో 2011 మాఘమేళాకు వెళ్లి వచ్చినవారినీ, వెళ్లనివారినీ పోల్చి భారతీయ, బ్రిటిష్ పరిశోధకులు 2012లో ఒక ఫలితం ప్రకటించారు. చలి, రొద, ఇరుకు ఉన్నా వెళ్లినవారు తమ ఆరోగ్యం మెరుగైందని చెప్పారు. అక్కడ నెల రోజుల నివాసం, ఇక్కడ రెండు మూడు రోజులు. కనుక దాన్ని మేడారానికి యథాతథంగా అంటగట్టలేం.

మేడారాన్ని స్వీయమోహానికి మందుగా చూపడం కూడా తప్పే అవుతుంది. దారి పొడవునా నాయకుల ఫ్లెక్సీలుంటాయి. ప్రముఖుల తులాభారం కెమెరాల ముందు జరుగుతుంది, వారి దర్శనం కోసం సామాన్యుల వరస ఆగుతుంది. ఈ విషయం మీద ప్రతి జాతరలోనూ విమర్శ వస్తుంది. తాత్కాలిక సెల్ టవర్లు నిలబెడతారు, సమ్మక్క వస్తుండగా దండం పెట్టాల్సిన చేతుల్లో సగం ఫోన్లు పట్టుకుని పైకి లేస్తాయి. కోటిమంది రాకతో కోయల ఆచారాలు పక్కకు జరిగి, వారి పండుగలో వారే అతిథులవుతున్నారన్న ఆందోళన ఆదివాసీ రచయితలు, కార్యకర్తల్లో ఉంది. మొక్కు బంగారాన్ని ఆర్టీసీ కార్గోలో పంపి, ప్రసాదం ఇంటికి తెప్పించుకునే ఏర్పాటు ఇటీవల వచ్చింది. నడవలేని ముసలివారికి అది మేలే. గుడారం, పొయ్యి, పక్కవారి కూర మాత్రం ఆ పార్సిల్‌లో రావు.

బంధుత్వం చిక్కగా ఉన్నచోట దాని బరువూ ఉంటుంది. పిలవకపోతే అలక, పెట్టుబడి తక్కువైతే మాట, చుట్టాలకు వేట కొయ్యడానికి చేసే అప్పు, వంటంతా ఆడవాళ్లమీదే పడటం, ఇవి జాతర వెంట వచ్చేవే. పశ్చిమంలో యువతరం పలుచని బంధాలను ఎంచుకోవడం వెనక ఇలాంటి బరువు దించుకోవాలన్న కోరిక కూడా ఉందని బౌమన్ వంటివారు ఒప్పుకుంటారు.

జాతర తరవాత

నాలుగో రోజు సాయంత్రం వనప్రవేశం. సమ్మక్క చిలకలగుట్టకు, సారలమ్మ కన్నెపల్లికి, పగిడిద్దరాజు, గోవిందరాజు తమ ఊళ్లకు మళ్లుతారు. ఆ తరవాతి బుధవారం పూజారులు తిరుగువారం చేస్తారు. ఈలోగా జనం ఊళ్లకు చేరి, గద్దెల దగ్గర నుంచి తెచ్చుకున్న బంగారాన్ని చిదిపి, కాగితాల్లో పొట్లాలు కట్టి వీధిలో పంచుతారు. హైదరాబాద్ అపార్టుమెంట్లలోనైతే ఈ పని ఎక్కువగా పిల్లలకు అప్పజెబుతారు. ఏడాదిగా లిఫ్టులో తలూపడం తప్ప మాట్లాడని నాలుగో అంతస్తు వాళ్ల తలుపు కూడా తడతారు, పొట్లం చేతిలో పెట్టి ‘సమ్మక్క బంగారం’ అంటారు. తీసుకున్నవాళ్లు కళ్లకద్దుకుని, ఎవరెవరు వెళ్లారని అడుగుతారు.